రోజుకు మూరెడు తాడు

పార్కు గేటు మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'ఎడారి గుహల విహారం' అని రాయించారు గాని, అది ఎడారి అంటే సుంకులమ్మ ఒప్పుకునేది కాదు. ఎడారన్నాక ఇసుక ఉండాలి, ఒంటెలుండాలి. ఇక్కడ ఉన్నదల్లా రాయి. కాలు పెడితే రాయి, కన్నెత్తితే రాయి. వాన మొహం చూసి ఎన్నేళ్ళయిందో, తుమ్మచెట్లు కూడా నిలబడలేక నేల మీద పాకుతున్నట్టు ఉంటాయి. ఆ రాతిని పలకలు పలకలుగా తీసి ఊళ్ళకు పంపిన చేతులు ఆమెవి. గనులు మూతబడ్డాక ఆ గుట్టల మధ్యనే గుడారాలు లేచాయి. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి జనం వచ్చి గుట్ట ఎక్కుతారు, గుహల్లో దూరతారు, ఆరుబయట చుక్కలు లెక్కపెట్టుకుంటూ పడుకుంటారు. పొద్దున్నే వాళ్ళకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసిపెట్టే వంటమనిషి సుంకులమ్మ.

"ఇది ఎడారైతే నేను రాణిని" అనేది, బొరుగులు నానబోస్తూ.

ఆమె కూతురు శివలీల అదే పార్కులో గైడు. ఖాకీ ప్యాంటు, తలకు టోపీ, చేతిలో టార్చి. చదివింది పదో తరగతే గాని మాట మంచిది. పై గుహ చూపించేటప్పుడు ఆ పిల్ల నోరు విప్పితే జనం కదిలేవాళ్ళు కాదు. ఆ గుహ మధ్యలో పాత గనివాళ్ళ గిలక ఒకటి నిలబెట్టి, దానికి తాడు, తాడు చివర గంట కట్టారు. అక్కడ ఆగి చెప్పేది.

"సార్, మా గనోళ్ళకు నోటితో పనిలేదు, తాడే మాట. ఒకసారి లాగితే ఆపమని. రెండుసార్లు లాగితే ఇంకా దించమని. మూడుసార్లు లాగితే ప్రాణం పోతాండాదని. మూడు లాగినాక పైనున్నోళ్ళు ఎందుకని అడగకూడదు, ఏమని తొంగి చూడకూడదు, పైకి లాగడమే. మా అమ్మ ఇరవై ఏండ్లు చక్రం పట్టింది సార్, ఒక్క మనిషిని పోగొట్టలేదు. కావాలంటే మీరు లాగి చూడండి, వంటింట్లో నుంచి పరిగెత్తుకొస్తాది."

జనం నవ్వేవాళ్ళు. వరసగా నిలబడి మూడేసి సార్లు తాడు లాగి, గంట మోగించి, ఫోటోలు తీసుకునేవాళ్ళు.

ఆ గంట వంటింటి దాకా వినబడేది. విన్నప్పుడల్లా సుంకులమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది.

"మే, ఆటకు గూడా మూడు లాగియ్యొద్దు మే. అది ఆడుకునేది కాదు" అని కూతురికి ఎన్నిసార్లు చెప్పిందో.

"మా, ఆ గిలకకు అవతల ఎవరుండారు? రాయి."

"రాయి వింటాది."

"విననీలే. దానికి గూడా పొద్దుపోవద్దా?"

శివలీల అట్లా నవ్వేస్తే సుంకులమ్మ మళ్ళీ గరిటె తిప్పుకునేది. ఆ పిల్లకు తెలియని కథేమీ కాదది. శివలీల కడుపులో ఉన్నప్పుడే తండ్రి హుసేనప్ప గని బావిలోకి బురద తీయడానికి దిగాడు. అడుగున చెడుగాలి. తాడు మూడుసార్లు లాగాడు. చక్రం దగ్గరున్న మేస్త్రీ బావిలోకి వంగి, "ఏందిరా హుసేనా, ఏం కావల్ల?" అని అడిగాడు. జవాబు రాకపోతే ఇంకోసారి అడిగాడు. మూడోసారి అడిగేలోగా సుంకులమ్మ నెత్తి మీద తట్ట పారేసి పరిగెత్తుకొచ్చి చక్రం తిప్పింది. హుసేనప్ప తొట్టిలో కూర్చున్నట్టే పైకి వచ్చాడు. చెయ్యి తాడు మీదే ఉంది. పురుడు పోసుకున్న మూడో నెల ఆమె గనికి పోయి, ఆ మేస్త్రీని పక్కకు జరగమని, చక్రం తాను పట్టుకుంది. అప్పటి నుంచి గని మూతపడేదాకా మూడో లాగుడు అరచేతికి తగిలిందంటే ఆమె ఎదుట దేవుడొచ్చి నిలబడినా చక్రం ఆపేది కాదు.

ఇక కింది గుంత సంగతి.

గనివాళ్ళు ఏ గుంతలోకైనా మనిషిని దించే ముందు లాంతరు దించి చూస్తారు. దీపం ఆరితే గాలి లేనట్టు. పై గుహ చివర ఒక నల్లటి గుంత ఉంది. గనుల కాలంలో ఎవరో దాంట్లోకి లాంతరు దించితే తాడు ఇరుక్కుపోయింది. సరే పొమ్మని వదిలేశారు. మూడేళ్ళకు ఇందుమతి అనే డాక్టరమ్మ వచ్చింది. మందుల డాక్టరు కాదు, రాళ్ళ డాక్టరు. ఆమె గుంత ఒడ్డున పెద్ద కెమెరా ఒకటి బిగించి, పగలంతా రాత్రంతా దాని కన్ను తెరిచి ఉంచితే, మర్నాటికి బొమ్మలో లాంతరు పడింది. వెలుగుతోంది. ఒక పూటకు పోసిన నూనెతో మూడేళ్ళుగా వెలుగుతోంది.

"అక్కడ కాలం మెల్లగా నడుస్తోంది సుంకులమ్మా. కింద ఒక గంట గడిస్తే మనకు ఒక సంవత్సరం గడుస్తుంది. వెలుగు కూడా అంత మెల్లగా, అంత కొంచెంగా వస్తుంది. అందుకే ఒక్క బొమ్మకు రోజంతా పట్టింది."

"అయితే కింద పొయ్యి మీద ఎసరు పెడితే, అది కాగేలోపల పైన పెండ్లయి పిల్లలు గూడా పుడతారన్నమాట" అంది సుంకులమ్మ. ఇందుమతి నవ్వింది గాని కాదనలేదు.

మొదట ఒక మేకను దించారు. దించడం జాగ్రత్తగానే దించారు. పైకి లాగే రోజున కూలీలు అన్నానికి పోవాలన్న తొందరలో మామూలుగా లాగారు. పైకి తాడు వచ్చింది. తాడుకు మేక మెడపట్టీ వచ్చింది. పట్టీకి అంటుకుని కాస్త తోలు. అంతే. పైన మనం నిమిషం సేపు లాగిన తాడు కింద ఉన్నదానికి రెప్ప కదిలే వ్యవధి కూడా కాదని, లారీ వచ్చి గుద్దడం దాని ముందు ఎంతో మెత్తననీ ఇందుమతి రెండు రోజులు కూర్చుని లెక్క వేసింది. ఆ తరువాత పళ్ళచక్రాల యంత్రం ఒకటి చేయించింది. తిరుగుతోందో లేదో కంటికి తెలియదు. రోజుకు సరిగ్గా ఒక మూర తాడు చుడుతుంది. కింద తొట్టిలో ఉన్నవాళ్ళకు అది లిఫ్టులో పోతున్నట్టు ఉంటుంది. గుంత లోతు రెండు వందల మూరలు.

డాక్టరమ్మ తన చదువు కోసం చేసిన యంత్రాన్ని పార్కు కంపెనీ టూరు కోసం వాడుకుంది. దిగడానికి అరగంట, అడుగున తిరిగి చూసి టీ తాగడానికి అరగంట, ఎక్కడానికి అరగంట. గంటన్నర టూరు. పైకి వచ్చేసరికి లోకానికి ఏడాదిన్నర గడిచి ఉంటుంది. వింత ఏమిటంటే దానికీ జనం క్యూ కట్టారు. కొత్త మందు వచ్చేదాకా ఆగలేని రోగులు వచ్చారు. కోర్టులో వాయిదాలు ఎగ్గొట్టాలని ఒకాయన వచ్చాడు. ఊరికే సరదాకు వచ్చినవాళ్ళే ఎక్కువ.

గైడుగా దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. రెండుసార్లు దిగినవాళ్ళకు ఉద్యోగం పర్మనెంటు చేసి క్వార్టర్సు ఇస్తామన్నారు. శివలీల పేరిచ్చింది.

అప్పటికి ఆమె కూతురు కావేరికి ఏడాది. మొగుడు బెంగుళూరులో లారీ తోలుతూ అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. సుంకులమ్మ మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. నాలుగో రోజు, "పాలు తాగే బిడ్డ మే" అంది.

"నాకు గంటన్నరే గదమ్మా. పాలిచ్చి పోయి, మళ్ళా పాలేళకు వస్తా."

నిజంగానే పాలవేళకు వచ్చింది. ఏడాదిన్నర తరువాత తొట్టి ఒడ్డుకు చేరింది. శివలీల చొక్కా ముందు తడిసి ఉంది, పాలు చేపుకొచ్చి రొమ్ములు సలుపుతున్నాయి. దిగీ దిగకముందే చేతులు చాచింది. రెండున్నరేళ్ళ కావేరి అవ్వ కొంగు వెనక దాక్కుని, "ఎవరమ్మా ఆమె?" అని సుంకులమ్మనే అడిగింది. శివలీల వెనక్కి తిరిగి, గోడవైపు నిలబడి, పాలు పిండేసుకుంది. నేల రాయి చూస్తుండగానే పీల్చేసుకుంది.

దగ్గరవడానికి కావేరికి నాలుగు నెలలు పట్టింది. తల్లి చేత్తో అన్నం తినడానికి ఇంకో నెల. మెడకు చేతులు వేసి పడుకోవడం మొదలుపెట్టిన వారానికి రెండో టూరు పిలుపు వచ్చింది.

"ఇదే ఆఖరు మా. పర్మనెంటు అయిపోతే ఇంక ఆ గుంత మొగం చూడను."

"బిడ్డకు నాలుగున్నర వస్తాది నువ్వొచ్చేసరికి."

"బడిలో నేనే చేర్పిస్తా. పలక గూడా కొనిపెట్టినా, పెట్టెలో ఉండాది." తల్లి మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏమీ కాదు మా. మొన్న కాలేదు గదా."

"ఒక్క మాటియ్యి. కింద తాడు జోలికి పోవాకు. నవ్వులాటకు గూడా తాకొద్దు."

"పోను లేమ్మా. ఆ యంత్రానికి నా లాగుడు ఏం తెలుస్తాది?"

తొట్టిలో నలుగురు. శివలీల, కిడ్నీల జబ్బున్న ఒక పెద్దాయన, బెంగుళూరు నుంచి కొత్తగా పెళ్ళయి వచ్చిన జంట. లాంతరు తగిలించుకుని దిగారు. శివలీల కూతురికి చెయ్యి ఊపుతూనే ఉంది. ఆ ఊపు మొదట మామూలుగా ఉండి, కాస్త కిందికి పోయేసరికి మెల్లబడి, తరువాత గాలిలో అట్లా నిలబడిపోయింది. రెండు రోజులు కావేరి పోయి పోయి ఆ ఎత్తిన చేతిని చూసి వచ్చింది. మూడో నాటికి అది కూడా చీకట్లో కలిసిపోయింది.

చక్రాల సంగతి తెలిసిన మనిషని ఈసారి యంత్రానికి నూనె పోసి తుడిచే పని సుంకులమ్మకే ఇచ్చారు. తొట్టి అడుగు చేరింది, అరగంట ఆగింది, అంటే ఆరు నెలలు. మళ్ళీ పైకి రావడం మొదలయింది. ఆనాటి నుంచి సుంకులమ్మ ప్రతి పొద్దునా, చక్రం కింద బొటనవేలు లావున ఉన్న ఇనుప తాడుకు పసుపు బొట్టు ఒకటి పెట్టేది. మర్నాటికి ఆ బొట్టు మూరెడు పైకి పోయి చక్రం మీదికి ఎక్కేది. కావేరి ముక్కాలిపీట వేసుకుని, అవ్వ చెయ్యి పట్టి మోచేతి నుంచి వేలి కొస దాకా ఆనించి కొలిచేది.

"అవ్వా, అమ్మ మూరెడు వచ్చినాది."

"వచ్చినాది తల్లీ."

అట్లా నూట నలభై బొట్లు పెట్టారు. ఇంకా అరవై ఉన్నాయి. కావేరి బడికి పోయే గౌను అప్పుడే కుట్టించమని పోరుతోంది.

నూట నలభై ఒకటో పొద్దున ఏడింటికి బొట్టు పెడుతుంటే సుంకులమ్మ అరచేతి కింద తాడు బిగిసింది. ఒక్కసారిగా కాదు. పిండి పులిసినట్టు, తెలిసీ తెలియకుండా. తొమ్మిదిన్నరకు వదులయింది. యంత్రం వేడి అనుకుని పోయి వంట చూసుకుంది. మనసొప్పక పన్నెండు దాటాక మళ్ళీ వచ్చి చెయ్యి వేసింది. తాడు బిగుస్తోంది. రెండున్నరకు వదిలింది. ఇక అక్కడి నుంచి కదల్లేదు. గుట్ట ఎక్కి వచ్చినవాళ్ళు నిమ్మకాయ నీళ్ళకోసం వంటింటి ముందు కేకలు పెడుతున్నా కదల్లేదు. నాలుగున్నరకు మూడోసారి బిగిసి, ఏడింటికి వదిలింది. ఇరవై ఏళ్ళు చక్రం పట్టిన చెయ్యి అది. రెప్పపాటులో వచ్చే లాగుడైనా, పూటంతా సాగిన లాగుడైనా దానికి ఒకటే. కింద ఎవరో తాడు పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లాగారు.

సుంకులమ్మ పోయి ఇందుమతి బల్ల ముందు నిలబడింది.

"డాక్టరమ్మా, నా బిడ్డ మూడు లాగింది."

ఇందుమతి తోసిపుచ్చలేదు. బరువు చూపే సూది గీసిన కాగితం తీసి చూసింది. గీత మూడుచోట్ల లేచి పడి ఉంది.

"నిజమే. నేను యంత్రం ఊగిందనుకున్నాను."

"అయితే లాగు."

"ఎందుకు లాగారో తెలియకుండా వేగం మార్చలేను సుంకులమ్మా. తాడుకు ఊపు వస్తే నలుగురి ప్రాణాలు. కెమెరా ఈరోజంతా చూస్తూనే ఉంది. బొమ్మ తేలేసరికి రేపు పది అవుతుంది. చూసి అప్పుడు ఏం చేయాలో చేద్దాం."

"ఆ పొద్దు మేస్త్రీ గూడా అడిగి లాగుదామనే అన్యాడు."

"ఇది గని కాదమ్మా. వాళ్ళు లాగి అయిదారు సెకన్లయింది, అంతే. రేపటి దాకా ఆగితే వాళ్ళకు ఇంకో ఆరేడు సెకన్లు."

"ఊపిరి ఆడనోనికి ఆరు సెకండ్లంటే ఎంతో నీకు తెల్సునా?"

ఇందుమతి లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పది గంటలకు. పదికి నేనే బొమ్మ పట్టుకుని మీ దగ్గరకు వస్తాను."

ఆ రాత్రి సుంకులమ్మకు కన్ను మూతపడలేదు. ఎప్పుడు మూయబోయినా హుసేనప్ప కూర్చున్నట్టే పైకి వస్తున్నాడు, చెయ్యి తాడు మీదే ఉంది. తెల్లారి లేచి నలభై మందికి ఉగ్గాని చేసింది. బజ్జీలు వేసింది. యంత్రం దగ్గర కాపలా ఉండేవాడికి కబురు పెట్టింది, చల్లారకముందే వచ్చి తినమని. వాడు వంటింటికి వచ్చాక తాను యంత్రం గదిలోకి పోయింది.

మేక సంగతి ఆమె మరిచిపోలేదు. ఆ లాగినవాళ్ళు తాడు తెలియని కూలీలు, ఆకలి మీద ఉన్నవాళ్ళు. తన చెయ్యి వేరు. బరువు ఎంత ఉందో, ఎక్కడ ఒరుసుకుంటోందో తన అరచేతికి తెలుస్తుంది. తానేమీ పైదాకా లాగబోవడం లేదు. పావు చుట్టు. పావు చుట్టు తిప్పితే అర మూర వస్తుంది. కింద ఉన్న పిల్లకు, పైన అమ్మ వింది అని తెలుస్తుంది. అంతవరకే.

నూనె పోసేటప్పుడు పళ్ళచక్రాలను విడదీసే కడ్డీ ఒకటి ఉంది. దాన్ని ఎత్తింది. చేతిచక్రం పట్టుకుంది. గోడ గడియారం తొమ్మిది చూపిస్తోంది. ఆమె జీవితంలో ఎన్నడూ తిప్పనంత మెల్లగా తిప్పింది. పురిటి బిడ్డను పక్కకు ఒత్తిగిలించినంత మెల్లగా. పది సార్లు ఊపిరి పీల్చి వదిలేటంత సేపట్లో పావు చుట్టు.

తాడు మొదట సన్నగా పాడింది. తరువాత గుంత ఒడ్డుకు కాస్త దిగువన, రాయికీ రాయికీ మధ్య చిన్న చప్పుడు. పళ్ళ మధ్య దారం తెంపినట్టు.

చేతిలో బరువు లేదు.

ఆమె చక్రం వదల్లేదు. చెయ్యి తాడు మీద వేసి చూసింది. తాడు ఊరికే ఊగుతోంది.

పదింటికి ఇందుమతి వచ్చింది. పరుగులాంటి నడకతో, చేతిలో కాగితం ఊపుతూ, నవ్వుతూ వచ్చింది.

"సుంకులమ్మా, భయం లేదు. చూడండి, ఏమీ లేదు."

బొమ్మ మసకగా ఉంది గాని తెలుస్తోంది. తొట్టిలో పెద్దాయన పక్కకు ఒరిగి కూర్చుని చూస్తున్నాడు. కొత్త జంట ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో శివలీల. టోపీ వెనక్కి జారింది, తల పైకెత్తి నవ్వుతోంది, పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. తాడు మీద ఉన్న చెయ్యి మాత్రం మూడుసార్లు కదిలింది గనక పొగలాగా ఉంది. రోజూ పై గుహలో చెప్పే మాటలే చెబుతోందని చూస్తేనే తెలిసిపోతోంది. మా గనోళ్ళకు తాడే మాట సార్. మా అమ్మ ఇరవై ఏండ్లు చక్రం పట్టింది సార్.

సుంకులమ్మ బొమ్మ చూసింది. ఇందుమతి తాడు చూసింది. తరువాత పైకి ఎత్తి ఉన్న కడ్డీని చూసింది. కాగితం ఆమె చేతిలో నుంచి జారి నూనెలో పడింది.

ముందు సుంకులమ్మే అడిగింది.

"పోయినారా?"

ఇందుమతి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అలవాటు కొద్దీ ఆమె పెదవులు లెక్క వేస్తున్నాయి. "లేదు. తాడు తెగింది గనక ఆ దెబ్బ తొట్టికి తగల్లేదు. బతికే ఉన్నారు. పడుతున్నారు. నూట నలభై మూరలు. వాళ్ళకు మూడున్నర సెకన్లు." ఆగింది. "మనకు తొమ్మిది గంటలు. సాయంత్రం ఆరింటి దాకా."

"తొమ్మిది గంటలుంటే ఏమన్నా చెయ్యొచ్చు గదమ్మా. వల వెయ్యి. పరుపులు వెయ్యి. నేను దిగుతా."

"ఏది వేసినా ఆ గుంతలోకి పోగానే అదీ మెల్లబడుతుంది సుంకులమ్మా. వాళ్ళ వెనకే పడుతుంది. ముందుకు పోయి పట్టుకునేది ఏదీ లేదు."

సుంకులమ్మ తల ఊపింది. ఇంకొకటి అడగాలని ఉంది, అడగకూడదనీ తెలుసు, అయినా అడిగింది.

"ఎంత మెల్లగా తిప్పింటే తెగకుండా ఉండేది?"

"వద్దమ్మా."

"చెప్పు."

"ఆ పావు చుట్టుకు ఒక గంట తీసుకుని ఉంటే," ఇందుమతి చేతుల్లో మొహం దాచుకుంది, "వాళ్ళకు ఏమీ అయ్యేది కాదు."

సుంకులమ్మ ముక్కాలిపీట దగ్గరికి లాక్కుని కూర్చుని, వదులుగా వేలాడే తాడు మీద చెయ్యి వేసింది. మనిషి ఇంకా లోపల ఉండగా చక్రం దగ్గరి మనిషి లేచి పోకూడదు. గనిలో అది మొదటి కట్టుబాటు.

మేనేజరు వచ్చి చూసి పోయాడు. కింది గుంత దారికి తాళం వేయించాడు. బుక్ చేసుకుని వచ్చినవాళ్ళను నిరాశపరచకూడదని పై గుహ టూర్లు మాత్రం ఆపలేదు. శివలీల దగ్గర పని నేర్చుకున్న కొత్త గైడు, ఆమె చెప్పే మాటలన్నీ అచ్చంగా ఒప్పజెబుతున్నాడు. పదకొండింటికి ఒక జట్టు, పన్నెండింటికి ఒక జట్టు. జట్టు జట్టుకూ గంట మోగుతోంది. మూడేసి సార్లు. వెంటనే నవ్వులు. గంట మోగిన ప్రతిసారీ సుంకులమ్మ చెయ్యి తాడు మీద బిగుసుకుంటోంది. బిగించినా తాడు ఊరికే వస్తోంది.

మూడింటికి కావేరి నిద్ర లేచి వెదుక్కుంటూ వచ్చింది.

"అవ్వా, పొద్దున బొట్టు పెట్టలేదే."

"మరిచిపోతి తల్లీ."

"అమ్మ వస్తాందా?"

సుంకులమ్మ గడియారం చూసింది. ఇంకా మూడు గంటలుంది. ఆ క్షణాన కూతురు గాలిలో ఉంది, టోపీ ఎగిరిపోయి ఉంటుంది, నవ్వు ఇంకా మొహం మీద నుంచి పూర్తిగా పోయి ఉండదు. ఏమయిందో తెలియడానికి కూడా మూడున్నర సెకన్లు చాలవు. అమ్మ పైన ఉందన్న ధైర్యంతోనే ఉండి ఉంటుంది.

"ఉండాది తల్లీ. ఇంకా ఉండాది" అంది.

కావేరి పసుపు గిన్నె తెచ్చుకుంది. అవ్వ ఒళ్ళో నిలబడి, నాలుక కొస బయటపెట్టి, శ్రద్ధగా తాడుకు గుండ్రటి బొట్టు పెట్టింది. వేలికి మిగిలిన పసుపు తన గౌనుకు తుడుచుకుంది. బడి గౌను ఎప్పుడు కుట్టిస్తావని, అమ్మ పలక ఇచ్చేటప్పుడు నల్లది ఇస్తుందో తెల్లది ఇస్తుందో అనీ మాట్లాడుతూ మాట్లాడుతూ అవ్వ భుజం మీదే మళ్ళీ నిద్రపోయింది.

ఎండ గుట్టల మీద నుంచి జారింది. గుడారాల దగ్గర సాయంత్రం టీకి గ్లాసులు గలగలమన్నాయి. ఆరుకు నాలుగు నిమిషాలుందనగా ఇందుమతి చేతి గడియారం విప్పి బోర్లా పెట్టింది. సుంకులమ్మ మాత్రం గోడ గడియారాన్నే చూస్తూ, నిద్రపోయే పిల్లను రెండో చేత్తో ఒళ్ళోకి లాక్కుని, ఆ నాలుగు నిమిషాలూ కూర్చుంది. ఆరయింది. చప్పుడేమీ రాలేదు. ఆ చప్పుడు పైకి వచ్చినా చెవికి అందనంతగా సాగిపోయి వస్తుందని డాక్టరమ్మకు తెలుసు. ఆ మాట ఆమె చెప్పలేదు.

మర్నాడు సుంకులమ్మ మంచం మీద నుంచి లేవలేదు. కావేరి ఒక్కతే యంత్రం గదికి పోయి ముక్కాలిపీట ఎక్కింది. బొట్టు తాను పెట్టిన చోటే ఉంది. అవ్వ చెయ్యి లేదు గనక తన చెయ్యే ఆనించి చూసింది. మోచేతి నుంచి వేలి కొస దాకా ఒకసారి, మళ్ళీ ఒకసారి. తరువాత గుడిసెకు తిరిగొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్న అవ్వ వీపు మీద చెయ్యి వేసి అడిగింది.

"అవ్వా, అమ్మ ఈరోజు మూరెడు గూడా రాలేదే. యంత్రం నిలిచిపోయింటే, నువ్వే పోయి లాగరాదా?"